లైసెన్సు కంపెనీకి కాదు, చీటీకి

(తిరుపతిలో జరిగిన వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లోని వర్తక సోదరులకు, ఎడమ పక్కన కూర్చున్న పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు, చిత్తూరు నుంచీ పలమనేరు నుంచీ పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళకు నమస్కారం. అధ్యక్షులవారు నలభై నిమిషాలు ఇచ్చినారు. శాలువా, పూలదండ సంగతి చివర చూసుకుందాం. చీటీ పాస్‌బుక్కు ఉన్నవాళ్ళు వెంట తీసుకురమ్మని ఆహ్వానంలో రాసినారు. తెచ్చినవాళ్ళు దాన్ని సంచిలో నుంచి తీసి ఒళ్ళో పెట్టుకోండి. పని ఉంది.

"చిట్‌ఫండ్ కంపెనీకి లైసెన్సు తెచ్చుకోవడం ఎట్లా" అని ఈరోజు విషయం. ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉంది. అది సరిచేస్తే సగం ప్రసంగం అయిపోయినట్టే. కంపెనీకి ఒకసారి లైసెన్సు ఇచ్చి, ఇక ఎన్ని చీటీలైనా నడుపుకోండి అనే పద్ధతి మన చట్టంలో లేదు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం 4వ సెక్షన్ తీసి చదవండి. ప్రతి చీటీకీ ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి, ప్రతి చీటీనీ రిజిస్టరు చేయించాలి. 25 మందితో 5 లక్షల చీటీ ఒకటి పెడితే దానికి ఒక అనుమతి. వచ్చే నెల అలాంటిదే ఇంకొకటి పెడితే దానికి ఇంకొక అనుమతి, ఇంకొక డిపాజిట్టు, ఇంకొక నంబరు. లైసెన్సు కంపెనీకి కాదు, చీటీకి.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఏ ఆఫీసుకన్నా వెళ్ళి చూడండి. బల్ల వెనక గోడకు వరసగా ఫ్రేములు ఉంటాయి. కంపెనీ ఏర్పడినట్టు కంపెనీల రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ ఒకటి. జీఎస్టీ ఒకటి. నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు ఒకటి. షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఒకటి. వాటి మధ్యలో స్వామివారి పటం. వచ్చిన మనిషి ఆ గోడ చూసి, "అన్నీ గవర్నమెంటు ముద్రలే కదా" అనుకుని మొదటి వాయిదా కట్టేసి పోతాడు. ఆ ఫ్రేముల్లో ఒక్కటి కూడా చీటీ నడపడానికి అనుమతి కాదు. చీటీ అనుమతి ఇచ్చేది చిట్ రిజిస్ట్రార్ కార్యాలయం. అది రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ కింద ఉంటుంది. ఇళ్ళూ పొలాలూ రిజిస్టరు చేసే శాఖే. 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా విడిపోయినాక చాలామంది పాత అలవాటున చిత్తూరుకే కాగితాలు పట్టుకుపోతా ఉన్నారు. మీ ఆఫీసు ఏ రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుందో ముందు ఆ కార్యాలయంలోనే అడగండి. తప్పు బల్ల మీద పెట్టిన అర్జీకి నెల పోతుంది.

మూడు భాగాలుగా చెబుదామని కాగితం రాసుకొచ్చినాను. ఎవరు నడపొచ్చు, డిపాజిట్టు ఎట్లా కట్టాలి, అనుమతుల వరస ఏమిటి.

మొదటిది. చీటీ నడిపేవాణ్ణి చట్టం ఫోర్‌మన్ అంటుంది. ఒక్క మనిషి ఫోర్‌మన్‌గా ఉండొచ్చు, భాగస్వామ్య సంస్థ ఉండొచ్చు, కంపెనీ ఉండొచ్చు. తేడా ఎక్కడంటే, ఎంత చీటీ నడపొచ్చు అనే దగ్గర. ఒక్క మనిషి గానీ, నలుగురికంటే తక్కువ భాగస్వాములున్న సంస్థ గానీ నడిపే చీటీలన్నీ కలిపి 3 లక్షలు దాటకూడదు. నలుగురు, అంతకుమించి భాగస్వాములుంటే 18 లక్షలు. 2019 సవరణకు ముందు ఇవి 1 లక్ష, 6 లక్షలు. కంపెనీ అయితే తన నికర సొంత నిధులకు పది రెట్ల దాకా పోవచ్చు. నికర సొంత నిధులంటే వాటాదారులు పెట్టిన మూలధనం, పోగైన రిజర్వులు, అందులో నుంచి నష్టాలు తీసేయగా మిగిలేది.

కంపెనీకి చెల్లించిన మూలధనం కనీసం 1 లక్ష ఉండాలని చట్టంలో ఉంది. అది చూసి లక్షతో దిగేవాళ్ళున్నారు. లెక్క వేద్దాం. లక్షకు పది రెట్లంటే 10 లక్షలు. అంటే 5 లక్షల చీటీలు రెండే. మరి 10 లక్షల మూలధనం పెడితే? కాగితం మీద కోటి రూపాయల చీటీలు, అంటే 5 లక్షలవి ఇరవై గ్రూపులు. కానీ ప్రతి చీటీకీ దాని మొత్తమంత డిపాజిట్టు ముందే కట్టాలి. ఆ ఇరవైకీ కలిపి కోటి రూపాయలు. చేతిలో ఉన్నది పది లక్షలు. కాబట్టి మిమ్మల్ని ఆపేది పది రెట్ల హద్దు కాదు, డిపాజిట్టు. మొదలుపెట్టేముందు ఈ ఒక్క లెక్క వేసుకోనివాళ్ళే ఆరు నెలల తర్వాత దొంగదారులు వెతుకుతారు.

కంపెనీ పెట్టేటప్పుడు ఇంకో రెండు జాగ్రత్తలు. పేరులో చిట్, చిట్‌ఫండ్, చిట్టీ, కురి అనే మాటల్లో ఏదో ఒకటి ఉండాలి. ఆ మాటల వరసలో 2019లో ఇంకో రెండు చేర్చినారు గానీ మన దగ్గర జనానికి తెలిసింది చిట్‌ఫండే, అదే పెట్టుకోండి. రెండోది, కంపెనీ ఆశయాల పత్రంలో చీటీ వ్యాపారం ఒక్కటే రాయించండి. ఎక్కడిదో నమూనా తెచ్చి "ఫైనాన్స్, రియల్ ఎస్టేట్, బంగారు తాకట్టు" అని అన్నీ కలిపేస్తారు. చీటీ కంపెనీ ప్రభుత్వ అనుమతి లేకుండా ఇంకో వ్యాపారం చేయకూడదని 12వ సెక్షన్ చెబుతుంది. అక్కడే ఫైలు ఆగుతుంది. ఆ పత్రం సవరించడానికి మళ్ళీ వాటాదారుల తీర్మానం, మళ్ళీ ఫీజు, మళ్ళీ కంపెనీల రిజిస్ట్రార్.

రిజర్వు బ్యాంకు అనుమతి కావాలా అని అడుగుతారు. అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీకి కావాలి. చీటీ కంపెనీ చీటీలే నడిపినంతకాలం రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ జనం దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక డిపాజిట్టు. నిదానంగా వినండి. ఎక్కువమంది తొట్రుపడేది ఇక్కడే. అనుమతికి అర్జీ పెట్టకముందే, చీటీ మొత్తానికి సమానమైన సొమ్ము ఆమోదం పొందిన బ్యాంకులో రిజిస్ట్రార్ పేరు మీద డిపాజిట్టు చేయాలి. చీటీ మొత్తం అంటే ఒక నెలలో సభ్యులందరూ కట్టే పూర్తి సొమ్ము. 25 మంది, తలా 20,000, మొత్తం 5 లక్షలు. ఆ 5 లక్షలూ డిపాజిట్టు. నగదు బదులు ప్రభుత్వ సెక్యూరిటీలు కూడా ఇవ్వొచ్చు గానీ అవి చీటీ మొత్తానికి ఒకటిన్నర రెట్లుండాలి, అంటే ఏడున్నర లక్షలవి. అందుకే అందరూ ఎఫ్‌డీకే పోతారు.

బ్యాంకు కౌంటరు దగ్గర జరిగేది ఇది. మీరు ఫారం నింపుతారు. డిపాజిటరు పేరు దగ్గర మీ కంపెనీ పేరు రాస్తారు. "రిజిస్ట్రార్ పేరు మీద కావాలి సార్" అంటే, అక్కడి ఉద్యోగి రోజూ చేసే అలవాటున కంపెనీ పేరుతోనే రసీదు కొట్టి, దాని మీద రిజిస్ట్రార్‌కు లీన్, అంటే ఆ సొమ్ము మీద ఆయనకు హక్కు, అని ముద్ర వేసి ఇస్తాడు. అతనికి రెండూ ఒకటే. రిజిస్ట్రార్ కార్యాలయంలో రెండూ ఒకటి కాదు. చట్టంలో ఉన్నది "రిజిస్ట్రార్ పేరున" అని. వెనక్కి పంపిస్తారు. ఆ ఎఫ్‌డీని రద్దు చేసి మళ్ళీ వేయాలంటే వడ్డీ కొంత పోతుంది, వారం పదిరోజులు పోతాయి. మందు సులువు. బ్యాంకుకు పోకముందు రిజిస్ట్రార్ కార్యాలయానికి పోండి. డిపాజిట్టు ఏ పేరున, ఏ హోదాతో, ఏ అక్షరాలతో ఉండాలో వాళ్ళ చేతే ఒక తెల్లకాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం బ్యాంకు మేనేజరు ముందు పెట్టండి.

కాలపరిమితి ఇంకో తప్పు. 25 నెలల చీటీ కదా అని 25 నెలలకే ఎఫ్‌డీ వేస్తారు. డిపాజిట్టు ముందు, చీటీ తర్వాత. అనుమతి రావడానికీ సభ్యులను చేర్చడానికీ ఒక మూడు నాలుగు నెలలు పడతాయనుకోండి. చీటీ అయిపోయినాక, సభ్యులందరి బాకీలూ తీరినాయని రిజిస్ట్రార్‌కు నమ్మకం కుదిరితేనే డిపాజిట్టు విడుదల చేస్తారు. దానికీ కొన్ని నెలలు. 25కు ముందు నాలుగు, వెనక నాలుగు కలుపుకొని 33 నెలలకు వేయండి. లేకపోతే చీటీ మధ్యలోనే రసీదు గడువు తీరి, దాన్ని పొడిగించి కొత్త రసీదు దాఖలు చేయడం మరిచిపోయి, తర్వాతి చీటీ అనుమతికి వెళ్ళినప్పుడు దొరికిపోతారు.

ఆ 5 లక్షలు సొంతంగా లేక రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేవాళ్ళున్నారు. నెలకు 10,000 వడ్డీ. చీటీ మీద మీకొచ్చే కమిషన్ చట్టప్రకారం 7 శాతం దాటకూడదు, 2019కి ముందైతే 5 శాతమే. 5 లక్షల మీద 7 శాతం అంటే నెలకు 35,000. అందులోనే అద్దె, గుమస్తాల జీతం, వసూళ్ళకు తిరిగే పిల్లల పెట్రోలు. పదివేలు వడ్డీకే పోతే మిగిలేదానితో ఆఫీసు నడవదు. ఒక నెల ఇద్దరు సభ్యులు వాయిదా తప్పితే ఆ లోటు పూడ్చేది కూడా మీరే. ఫోర్‌మన్ తన టికెట్టుకు చీటీ సొమ్మును అగ్రిమెంటులో రాసుకున్న నెలలో పాట లేకుండా తీసుకోవచ్చు. మన వాడుకలో "మొదటి నెల కంపెనీ చీటీ" అంటాం. చాలామంది ఆ 5 లక్షలతో ఊపిరి పీల్చుకుంటారు. కానీ అది లాభం కాదు, అప్పు. మిగతా 24 నెలలూ ఆ టికెట్టు వాయిదా కంపెనీ కట్టాలి.

ఇప్పుడు అనుమతుల వరసకు...

వెనక నుంచి అన్న ఒకాయన చెయ్యెత్తినారు. చెప్పన్నా. "ఇంత తతంగం ఎందుకు, మా వీధిలో ఇరవై మందిమి పదివేల చీటీ నమ్మకం మీద నడుపుకుంటా ఉన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు" అంటా ఉన్నారు.

మంచిదన్నా. మూడో భాగం కాసేపు పక్కన పెడతాను. ఈ మాటకు జవాబు చెప్పకుండా ఫారాల గురించి చెబితే ఫలితం లేదు.

ఇరవై మంది, తలా పదివేలు, 2 లక్షల చీటీ, ఇరవై నెలలు. మూడో నెలలో ఒకాయన చీటీ పాడుకున్నాడు. ఎనిమిదో నెలలో ఆయన వ్యాపారం దెబ్బతిన్నది, కట్టడం మానేసినాడు. మీ దగ్గర ఏముంది? వాయిదాలు రాసుకున్న నోటుపుస్తకం, ఒక ప్రోనోటు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు. ఆ చెక్కు బ్యాంకులో వేస్తారు, వెనక్కి వస్తుంది, కోర్టుకు పోతారు. ఎదుటి వకీలు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఏ బాకీ?" అని. చీటీ బాకీ అంటే, ఏ నంబరు చీటీ అంటాడు. నంబరు లేదు. అనుమతి లేకుండా చీటీ నడిపితే రెండేళ్ళ దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ అని 76వ సెక్షన్. ఇచ్చిన సొమ్ము రాబట్టుకోవడానికి పోయి, చేసిన నేరాన్ని నోటితో ఒప్పుకోవాల్సి వస్తుంది.

అదే రిజిస్టరైన చీటీ అయితే? కోర్టుకే పోనక్కర్లేదు. చీటీ తగాదా ఏదైనా రిజిస్ట్రార్ ముందే తేలాలని, సివిల్ కోర్టుకు అధికారం లేదని 64వ సెక్షన్ చెబుతుంది. మూడేళ్ళలోపు అర్జీ పెట్టాలి. ఆయన ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, కోర్టు డిక్రీకి ఉన్నంత బలం. జామీనుదారు జీతం దాకా పోవచ్చు. ఇది సభ్యుడికి ఎంత రక్షణో ఫోర్‌మన్‌కూ అంతే రక్షణ. ఈ సంగతి ఫోర్‌మన్లకే తెలియదు, అదీ నా బాధ.

మళ్ళీ ఆ వీధి చీటీకి రండి. ఎగ్గొట్టినాయన వాయిదా నెలకు పదివేలు ఎవరు కట్టాలి? నడిపే ఆయనే. రెండు నెలలు జేబులో నుంచి కడతాడు. మూడో నెల కట్టలేక ఇంకో చీటీ మొదలుపెడతాడు. కొత్త చీటీ మొదటి నెల సొమ్ము తీసి పాత చీటీలో వేస్తాడు. కొత్తదాంట్లో ఆ గుంత ఇంకా పెద్దది. దాన్ని పూడ్చడానికి మూడోది. ఇందులో మొదటి రోజు నుంచీ మోసం చేయాలనుకున్నవాడు ఎవడూ లేడు. ఊరు విడిచి రాత్రికి రాత్రి పోయినవాళ్ళలో చాలామంది కథ ఇదే. పోయినవాడు పోతాడు. మిగిలేది ఎవరు? నగరిలో పవర్‌లూమ్ మీద పన్నెండు గంటలు నిలబడే కూలీ. రేణిగుంట రోడ్డులో ఇడ్లీ బండి పెట్టుకున్న అక్క. చిత్తూరు బెల్లం మండీలో బస్తాలు మోసే హమాలీ. కూతురి పెళ్ళికని, కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకని రోజూ 300, 350 పక్కన పెట్టినవాళ్ళు. వాళ్ళు పోలీసు స్టేషనుకు పోతే "చీటీ కాగితం చూపించమ్మా" అంటారు. చూపించడానికి ఏముంది?

అన్నా, మీ చీటీ 2 లక్షలదే కదా. చట్టం ఒక్క మనిషికి 3 లక్షల దాకా ఇచ్చిందని ఇందాకే చెప్పినాను. ఇదే చీటీ, ఇదే ఇరవై మందితో, మీ సొంత పేరున, కంపెనీ లేకుండా చట్టబద్ధంగా నడపొచ్చు. కావాల్సింది 2 లక్షల డిపాజిట్టు, ఒక అనుమతి, ఒక అగ్రిమెంటు. "చిన్న చీటీలకు మినహాయింపు ఉంది" అని కొందరు చెబుతారు. చట్టం మొదట మినహాయించింది 100 రూపాయల చీటీని! 2019లో ఆ అంకె నిర్ణయించే పని రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలినారు. పదివేల వాయిదా చీటీ నడుపుతూ మినహాయింపు మీద నిద్రపోవద్దు.

పక్కనున్న అక్క "మరి లక్కీ డ్రా స్కీములు?" అని అడుగుతోంది. అమ్మా, నెలనెలా కట్టండి, డ్రాలో పేరు వస్తే బండి మీది, ఆ తర్వాత కట్టక్కర్లేదు అంటారు చూడండి, అది చీటీయే కాదు. దాన్ని ప్రైజ్ చిట్ అంటారు. 1978 నుంచీ దేశమంతా నిషేధం. దానికి లైసెన్సు ఇచ్చే కార్యాలయం ఎక్కడా లేదు. అసలైన చీటీలో పాడుకున్నవాళ్ళు కూడా చివరి నెల దాకా కట్టాల్సిందే. తేడా అక్కడే పట్టుకోండి.

టైము చాలా పోయింది. అధ్యక్షులవారు గడియారం చూస్తా ఉన్నారు. ఇంకో పదిహేను నిమిషాలు ఇవ్వండి, అనుమతుల వరస చెప్పకుండా దిగిపోతే వచ్చిన పని కాదు.

డిపాజిట్టు రసీదు చేతికొచ్చినాక ముందస్తు అనుమతికి అర్జీ. ఆ అనుమతిని కార్యాలయంలో పీఎస్‌వో (ప్రీవియస్ శాంక్షన్ ఆర్డర్) అంటారు. అర్జీలో చీటీ మొత్తం, ఎన్ని టికెట్లు, ఎన్ని వాయిదాలు, ప్రతి నెలా చీటీ ఎవరికో తేల్చేది పాటా లాటరీనా అన్నీ ఉండాలి. కాలం ఐదేళ్ళు దాటకూడదు, ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకుంటే పదేళ్ళు. అనుమతి నిరాకరించడానికి కారణాలు చట్టంలోనే ఉన్నాయి: ఇంతకుముందు ఈ చట్టం కింద శిక్ష పడి ఉండటం, ఫీజులు కట్టకపోవడం, పెట్టాల్సిన లెక్కలు పెట్టకపోవడం, నియమాలు మీరడం. నిరాకరించేముందు మీ వాదన వినాలి. ఆ అవకాశం వదులుకోకండి.

ఈ అనుమతి రాకముందు ప్రచారం చేయకూడదు. నోటీసైనా, కరపత్రమైనా, మరే రూపమైనా. గంగమ్మ జాతరకు జనం వస్తారు కదా అని ముందే ఫ్లెక్సీ కట్టించేస్తారు. వాట్సాప్‌లో "కొత్త గ్రూపు మొదలవుతోంది, సీట్లు కొన్నే" అని పెడతారు. అనుమతి నంబరు, తేదీ లేని ఆ పిలుపే తప్పు.

అనుమతి వచ్చిన రోజు నుంచి పన్నెండు నెలల్లో చీటీ రిజిస్టరు కావాలి. లేకపోతే అనుమతి చచ్చిపోతుంది. కారణం చూపి అడిగితే ఇంకో ఆరు నెలల దాకా ఇస్తారు. ఈ గడువులో సభ్యులను చేర్చి చీటీ అగ్రిమెంటు రెండు ప్రతులు తయారుచేయాలి. ప్రతి సభ్యుడి పూర్తి పేరు, చిరునామా, టికెట్టు సంఖ్య, వాయిదా ఎంత, తప్పితే వడ్డీ ఎంత, పాట ఎక్కడ, ఏ తేదీన, ఎన్ని గంటలకు, పాడుకున్నవాళ్ళు ఏ జామీను ఇవ్వాలి, కంపెనీ చీటీ ఏ నెల, సొమ్ము ఏ బ్యాంకులో. సభ్యుడు గానీ, ఆయన రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన మనిషి గానీ సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులుండాలి.

ఇక్కడ జరిగే తప్పులు చిన్నవిగా కనబడతాయి. ఇంటాయన ఒక్కడే వచ్చి భార్యదీ తమ్ముడిదీ మూడు టికెట్లకూ సంతకం పెట్టేస్తాడు, అధికార పత్రం ఉండదు. ఆధార్‌లో ఒక పేరు, అగ్రిమెంటులో పిలుపు పేరు. నామినీ గడి ఖాళీ. సభ్యుడు బతికున్నంతకాలం ఆ గడిని ఎవరూ చూడరు. పోయినాక పిల్లలు వారసత్వ సర్టిఫికెట్టు కోసం తిరుగుతారు. అందుకే ఆ గడి నింపకుండా అగ్రిమెంటు తీసుకోవద్దని మీ గుమస్తాకు చెప్పండి. ఇంకోటి, రెండు టికెట్లు అమ్ముడుపోకపోతే ఆఫీసు పిల్లల పేర్లు, బంధువుల పేర్లు వేసి నింపేస్తారు. ఆ పేర్ల వాయిదా ఎవరు కడతారు? అవతల కూర్చున్న 23 మంది సొమ్ములో నుంచి. ఒక చీటీ కుళ్ళడం అక్కడే మొదలవుతుంది.

రిజిస్టరైనాక ఒక ప్రతి మీద నంబరు వేసి మీకిస్తారు. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కాలేదు. టికెట్లన్నీ నిండినాయని ప్రకటన దాఖలు చేసి ప్రారంభ సర్టిఫికెట్టు తీసుకోవాలి. అది చేతికి రాకుండా పాట పెట్టకూడదు, చీటీ సొమ్ములో రూపాయి ముట్టుకోకూడదు.

మన ఊళ్ళలో ఇక్కడ అడ్డొచ్చేది ముహూర్తం. అక్షయ తృతీయ నాడు మొదటి పాట పెడతామని అందరికీ చెప్పేసి ఉంటారు. సర్టిఫికెట్టు రాలేదు. "రేపోమాపో వస్తుందిలే" అని పాట జరిపేస్తారు. ఆ ఒక్క పాటతో మొత్తం చీటీ చట్టవిరుద్ధం అయిపోతుంది. ముహూర్తానికి పూజ చేసుకోండి, స్వీట్లు పంచండి. పాట మాత్రం సర్టిఫికెట్టు తేదీ తర్వాతే. అగ్రిమెంటులో మొదలయ్యే తేదీ రాసేటప్పుడే తగినంత ఎడం పెట్టుకోండి. మొదటి పాట నాటికి ప్రతి సభ్యుడి చేతిలో అగ్రిమెంటు నకలు ఉండాలి.

తర్వాత నెలనెలా పని. పాటకు కనీసం ఇద్దరు సభ్యులు హాజరు కావాలి. ఇప్పుడు వీడియోలో హాజరైనా చెల్లుతుంది, కానీ రికార్డు చేయాలి, రెండు రోజుల్లో మినిట్స్ మీద, అంటే పాట జరిగిన తీరు రాసిన కాగితం మీద, సంతకాలు తీసుకోవాలి. మినిట్స్ నకలు 21 రోజుల్లో రిజిస్ట్రార్‌కు చేరాలి. ఈ 21 రోజులు తప్పినవాళ్ళే తర్వాతి చీటీ అనుమతి దగ్గర ఇరుక్కుంటారు, ఎందుకంటే "పెట్టాల్సిన లెక్కలు పెట్టకపోవడం" అనే కారణం ఇందాక విన్నారు. పుత్తూరులో ఒక కొట్టు ముందు బల్ల వేసి వసూళ్ళు మొదలుపెట్టినా అది కొత్త వ్యాపార స్థలమే, దానికి రిజిస్ట్రార్ ఆమోదం ముందుగా కావాలి.

చివరిది. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట. ఒకాయన 5 లక్షల చీటీ పాడుకున్నాడు, మూడు లక్షల డెబ్బై ఐదు వేలు రావాలి. జామీనుదారులు కుదరలేదు. ఆఫీసులో ఏమంటారంటే, "సొమ్ము మా దగ్గరే ఉంచండన్నా, నూటికి రూపాయిన్నర వడ్డీ ఇస్తాం, జామీను కుదిరినప్పుడు తీసుకుందురు". తెల్ల రసీదు ఒకటి ఇస్తారు. వినడానికి ఇద్దరికీ లాభంగానే ఉంటుంది. ఇది డిపాజిట్టు. చీటీ కంపెనీ తీసుకోకూడని డిపాజిట్టు. 2019లో వచ్చిన అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం కింద ఇలా తీసుకుంటే రెండు నుంచి ఏడేళ్ళ జైలు. చీటీ చట్టం చెప్పేది వేరు: సభ్యుడు తీసుకోని చీటీ సొమ్మును బ్యాంకులో వేరే ఖాతాలో వేసి ఆయనకు తెలపాలి. మంచి పేరున్న చీటీ కంపెనీలు కూలేది పాటల వల్ల కాదు, ఈ తెల్ల రసీదుల వల్ల. అమ్మా, అయ్యా, ఎవరైనా మీకు ఆ మాట చెబితే సొమ్ము ఉంచి రావద్దు. ఫోర్‌మన్లు కాబోయే పిల్లలారా, ఆ రసీదు పుస్తకం అచ్చే వేయించకండి.

ఇప్పుడు ఒళ్ళో ఉన్న పాస్‌బుక్కు మొదటి పేజీ తెరవండి. సభ్యుడి పేరు, గ్రూపు, టికెట్టు నంబరు ఉంటాయి. వాటి కింద అనుమతి నంబరు, చీటీ రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం, ఏ రిజిస్ట్రార్ అన్నవి ఉన్నాయా? "రిజిస్టర్డ్ సంస్థ" అని మాత్రమే అచ్చేసి ఉంటే అది కంపెనీ సంగతి, మీ చీటీ సంగతి కాదు. లోపలి పేజీలో ఒక వరస చూడండి. 5 లక్షల చీటీ లక్షా పాతికవేలకు పోయిందనుకోండి, అంటే పాడుకున్నాయన అంత వదులుకున్నాడు. కమిషన్ 35,000. మిగిలిన 90,000ను 25 మందికి పంచితే 3,600. మీరు కట్టాల్సింది 16,400. ఆ నాలుగు అంకెలూ వరసలో ఉండాలి. కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 6,300 ఎవరి దగ్గర పట్టుకున్నారో దానికి బిల్లు ఉండాలి. అంకెలు లేకుండా "కట్టినారు" అని సంతకం మాత్రమే ఉంటే, మీరు ఎంత కట్టినారో రేపు మీరే రుజువు చేసుకోవాలి.

నంబరు కనబడనివాళ్ళు మొహమాటపడకండి, చేతులెత్తండి. ఒకటి, రెండు, ఆ స్తంభం పక్కన ముగ్గురు... సరే. శాలువా పక్కన పెట్టండి అధ్యక్షా. ఆ పాస్‌బుక్కులు ఇటు బల్ల మీదికి తీసుకురండి, ఒక్కొక్కటే చూద్దాం. నంబరు ఉన్నవి ఎడమ వైపు, లేనివి కుడి వైపు పెట్టండి. కుడి వైపు వాటికి సోమవారం రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడే రాసి ఇస్తాను.